కారుకు చలేస్తుందేమోనని

ఆ ఏడాది ఆ ఊరిమీద పడిన చలి సంగతి చెబితే కొందరు నమ్మరు. గోడ గడియారంలో ముళ్లు రెండూ పన్నెండు దగ్గర ఒకసారి కలుసుకున్నాక, మళ్లీ విడిపోవడానికి ససేమిరా అన్నాయి. కుక్కలు మొరగడానికి నోరు తెరిచి, లోపలున్న కాస్త వేడీ బయటికి పోతుందని తలచి మూసుకున్నాయి. అలాంటి చలిలో ఒక శనివారం పొద్దున, ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు చూసే గుమాస్తా ఒకాయన, తన భార్య చేసిన కేకును కారులో పెట్టుకుని ఊరికి ఆ చివరనున్న హోటలుకు చేర్చాలనుకున్నాడు. అనుకున్నది అంతే. ఇందులో ప్రమాదానికి చోటెక్కడుందని ఎవరైనా అడగవచ్చు. ఆయన మాత్రం అడగడు. ప్రమాదానికి చోటు లేని పని లోకంలో ఏదీ లేదని ఆయన ఉద్యోగమే ఆయనకు నేర్పింది.

ఆఫీసులో ఆయన్ని అందరూ జాగ్రత్తగారనే పిలుస్తారు. ఇళ్లు కాలినవాళ్ల గోడూ, మెట్లమీద జారినవాళ్ల గోడూ రోజంతా చదివి చదివి, ఇంట్లో చెంచా కింద పడినా ముందు పాదం వెనక్కి తీసుకుని ఆ తర్వాతే చెంచా వైపు చూసేవాడు. వానాకాలంలో గొడుగు తడిసి పాడవుతుందని దానికి తొడుగు కుట్టించిన మనిషి ఆయన. ఆ తొడుగు తడుస్తుందని కొన్నాళ్లు గొడుగు ఇంట్లోనే ఉంచి వెళ్లాడని కూడా అంటారు.

ఆయన భార్య ఏళ్ల తరబడి ఒక బేకరీలో పనిచేసింది. కేకు ఆమెది, పెట్టెమీద పేరు యజమానిది. నెల కిందట మాటా మాటా పెరిగి, "ఇకమీదట నా చేత్తో చేసింది నా పేరుతోనే అమ్ముకుంటాను" అని చెప్పి ఆమె వచ్చేసింది. యజమాని కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన నవ్వాడు. "సరేనమ్మా. నీ ఏప్రను మేకుకే ఉంచుతాను. తిరిగొచ్చినప్పుడు వెతుక్కోనక్కర్లేదు" అన్నాడు. ఆ నవ్వు ఆమె చెవిలో నెలరోజులుగా మోగుతూనే ఉంది. ఇంతలో హోటలు మేనేజరు కబురు పెట్టాడు. శనివారం మధ్యాహ్నం హోటల్లో విందు ఉంది, పన్నెండుకల్లా ఒక కేకు తెచ్చి చూపించండి, నచ్చితే రోజూ మీ దగ్గరే తీసుకుంటాం అన్నాడు. ఇది కుదిరితే సొంత కొట్టు. కుదరకపోతే సోమవారం పొద్దున ఆ మేకు, ఆ ఏప్రను, ఆ నవ్వు.

అందుకని ఆమె ప్రాణం పెట్టి మూడంతస్తుల కేకు చేసింది. దానినిండా వెన్న క్రీముతో గులాబీలు తీర్చింది. క్రీము కదలకుండా ఉండాలని రాత్రంతా వరండాలో ఉంచింది. పొద్దునకు అది గట్టిపడి, వేలితో నొక్కితే వేలికే నొప్పి పుట్టేలా ఉంది. ఆమె తృప్తిగా చూసుకుంది.

ఇక ఆ ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు, జాగ్రత్తగారు, ఆయన భార్య, ఆమె తల్లి. ముగ్గురూ మంచివాళ్లే, ఒకరికొకరు సాయం చేసుకునేవాళ్లే. అయితే చేసిన సాయం నోటితో చెప్పుకోకూడదని అత్తగారి పట్టుదల. చెప్పుకుంటే అది సాయం కాదు, చాటింపు అంటుంది. దానివల్ల ఆ ఇంట్లో టీలో పంచదార మూడుసార్లు పడేది, కుండీలో మొక్క రోజుకు మూడుసార్లు నీళ్లు తాగి కుళ్లిపోయేది. ఎవరూ ఎవరినీ ఏమీ అనేవారు కాదు. కొత్త మొక్క కొనేవారు.

ఆ పొద్దున పాల ప్యాకెట్టుకని బయటికొచ్చిన జాగ్రత్తగారు కారు ముందు నిలబడి దిగులుపడ్డాడు. ఈ చలికి ఇంజిను మొరాయిస్తే? రేడియేటరు ముందు ఒక అట్ట పెడితే చలిగాలి తగలక ఇంజిను త్వరగా వేడెక్కుతుందని ఆఫీసులో ఎవరో అన్న మాట గుర్తొచ్చింది. ఆ కారు బానెట్టు తాళం ఎప్పుడో పాడైంది, చేత్తో ఎత్తితే లేస్తుంది. ఎత్తి, ముందున్న జాలీకీ రేడియేటరుకీ మధ్య సందులో అట్టపెట్టె ముక్క ఒకటి దోపి, ఏమీ ఎరగనట్టు పాలు తీసుకుని లోపలికెళ్లాడు.

తర్వాత వాకిలి ఊడవడానికి అత్తగారు వచ్చింది. కూతురి బతుకు ఈ కారుమీద ఆధారపడి ఉందనుకునేసరికి ఆవిడకు కారుమీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది. బానెట్టు ఎత్తి చూసింది. లోపలి అట్ట కూడా కారులో భాగమే అనుకుంది. పాత ఉన్ని దుప్పటి ఒకటి మడిచి, అట్టకు ముందు పక్కవేసినట్టు పరిచింది.

చివరికి భార్య వచ్చింది. దుప్పటి చూసి, ఇది తప్పకుండా మా ఆయన పనే అని లోలోపల మురిసింది. కానీ పక్కన సందులున్నాయి, గాలి దూరుతుంది. ఓవెను తలుపు సందులు మూసి మూసి అలవాటైన చెయ్యి ఊరుకోలేదు. వంటింటి తువ్వాళ్లు తెచ్చి, చుట్టూ చీమ దూరకుండా కూరింది.

కారు తాళం తిప్పీ తిప్పకముందే స్టార్టయింది. ముగ్గురూ మనసులో ఎవరి వీపు వాళ్లు తట్టుకున్నారు.

వెనక సీటులో మూత బదులు తెల్లగుడ్డ కప్పిన ఎత్తైన పెట్టె, పెట్టెను కౌగిలించుకుని అత్తగారు. ముందు భార్యాభర్తలు. సగం దారి సుఖంగానే సాగింది. మార్కెట్టు వీధి మలుపు తిరిగాక భార్య అడిగింది.

"ఏమండీ, ఆ సూది ఎర్రగీత వైపు వెళుతోందేంటి?"

"ఏ సూది?"

"మీరు ఇందాకణ్ణించి దాన్నే చూస్తున్నారు. ఆ సూదే."

జాగ్రత్తగారు కారు వేగం తగ్గించాడు. "ఇంజిను వేడెక్కుతోంది."

"ఈ చలిలోనా? బయట గోడలు కూడా వణుకుతున్నాయి."

"అదే నాకూ అర్థం కావట్లేదు" అన్నాడు. అర్థమయీ కానట్టుంది ఆయనకు. లోపలున్న అట్ట కళ్లముందు మెదిలింది. అయినా ఈ చిట్కా చెప్పిన ఆఫీసు మనిషి ఏటా పెట్టుకుంటున్నాడు కదా, ఒక్క అట్టకే ఇంత జరుగుతుందా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. పక్కన భార్య తువ్వాళ్ల సంగతి తలచుకుని కిటికీలోంచి బయటికి చూసింది. వెనక అత్తగారు దుప్పటి గుర్తొచ్చి కళ్లు మూసుకుంది. ఎవరి గుబులు వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

రోడ్డు పక్కన ఆపారు. బానెట్టు అంచులనుంచి సన్నగా ఆవిరి లేస్తోంది.

"ఎత్తి చూడండి" అంది భార్య.

"అస్సలు కుదరదు. మరుగుతున్న ఇంజిను జోలికి వెళ్లినవాడి మొహం ఫోటో మా ఆఫీసులో ఉంది. అది చూసిన పూట నేను అన్నం తినలేదు." మాట నిజమే. ఎత్తితే అట్ట బయటపడుతుందన్నదీ నిజమే.

భార్య కూడా రెండోసారి అడగలేదు. "పోనీలెండి, కాలుతుంది" అని వెంటనే ఒప్పేసుకుంది. "ఎత్తకండి అల్లుడుగారూ" అని అత్తగారు వెనకనుంచి బలపరిచింది. ఒక్క విషయంలో ముగ్గురికీ ఇంత త్వరగా ఏకాభిప్రాయం కుదరడం ఆ ఇంట్లో అదే మొదలు.

భార్య ట్యాక్సీ కోసం చెయ్యెత్తింది. వచ్చిన ట్యాక్సీవాడు ఆవిరి చూసి, పెట్టె ఎత్తు చూసి, ఇంకాస్త వేగంగా వెళ్లిపోయాడు. బస్సు ఎక్కుదామా అంది. శనివారం బస్సులో ఆ కేకు ఎక్కితే, దింపుకోవడానికి చెంచా కావాలి. కాసేపు ఆగితే సూది దిగింది. బయల్దేరి నాలుగు కొట్లు దాటేసరికి మళ్లీ ఎక్కింది.

"ఒక మార్గం ఉంది" అన్నాడు జాగ్రత్తగారు, ఆపరేషను సంగతి చెప్పే డాక్టరులా. "లోపలి హీటరు పూర్తిగా తిప్పేస్తే, ఇంజిను వేడి మనవైపు వచ్చేస్తుంది. దానికి కాస్త ఊపిరాడుతుంది. మెల్లగా వెళ్లిపోవచ్చు."

"మనవైపు అంటే?"

"కారులోకి."

"కారులో ఎవరున్నారో గుర్తుందా మీకు?"

"నువ్వున్నావు, అత్తయ్యగారున్నారు..."

"కేకుందండీ. వెన్న క్రీము కేకు."

"చూడూ, హీటరు తిప్పితే కేకు పోతుంది. తిప్పకపోతే కారు పోతుంది. కారు పోతే కేకు ఎక్కడికీ పోదు, ఇక్కడే ఉంటుంది."

ఆమె గడియారం చూసుకుంది. చెవిలో పాత యజమాని నవ్వు మోగింది. పెదవి కొరికి, హీటరు మీట తనే తిప్పింది. నాలుగు కిటికీలూ దించేసింది.

ఆ తర్వాత ఆ కారులో రెండు ఋతువులు పక్కపక్కనే కాపురం చేశాయి. మోకాళ్లకింద నడివేసవి. మెడమీద మంచుగాలి. పాదాలు ఉడుకుతున్నాయి, చెవులు గడ్డకడుతున్నాయి. ముందు స్వెటర్లు విప్పారు, ఆపైన మఫ్లర్లు, ఆపైన మేజోళ్లు. జాగ్రత్తగారి ముక్కు కొసనుంచి చెమటచుక్క బయల్దేరి, గాలికి దారిలోనే ముత్యమై, ఒళ్లో టప్పున పడిందని చెప్పుకుంటారు.

"అమ్మా, కేకెలా ఉంది?"

"కిందంతస్తు మెత్తబడుతోందే."

"పైకెత్తి పట్టుకో."

"పైకెత్తితే పై గులాబీ గాలికి ఊగుతోంది."

"అయితే దించు."

"దించితే కింద కాలుతోంది. దీనికంటే నిన్ను పెంచడం తేలిక."

అత్తగారు పేపరు మడిచి కేకుకు విసరడం మొదలుపెట్టింది. విసిరీ విసిరీ ఆవిడ మొహం ఎర్రబడింది, జుట్టు నుదుటికి అంటుకుంది, ఊపిరి ఎగబోసింది. సరిగ్గా అప్పుడే కూడలిలో ట్రాఫిక్కు పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆయన కళ్లకు కనిపించింది ఇది. ఊరంతా కంబళ్లలో ముడుచుకున్న రోజున, కిటికీలన్నీ తెరుచుకున్న ఒక కారు. ముందునుంచి పొగ. లోపల స్వెటర్లు విప్పేసి చెమటలు కక్కుతున్న ముగ్గురు. వెనక సీటులో వాలిపోయి, తెల్లగుడ్డను గుండెకు అదుముకుని, విసురుకుంటున్న పెద్దావిడ.

"ఏమైందమ్మా?" అన్నాడు కిటికీలోకి వంగి.

"నాకేం కాలేదు నాయనా" అంది అత్తగారు రొప్పుతూ. "టైము లేదు. త్వరగా పంపించు."

నాకేం కాలేదు అనే పెద్దవాళ్లను ఆయన తన ఇంట్లోనే చూశాడు. ఆ మాట విన్నాక ఒక్క క్షణం కూడా ఆగకూడదని అప్పుడే నిశ్చయించుకున్న మనిషి.

"పన్నెండులోపు చేరాలి సార్" అంది భార్య, ఏడుపు గొంతుతో. "లేకపోతే అంతా అయిపోతుంది."

"ఏమీ కానివ్వను. నా వెనకే రండి."

"అయ్యా, మేం వెళ్లేది..." అన్నాడు జాగ్రత్తగారు.

"మాట్లాడకండి. మీరు డ్రైవింగు చూసుకోండి."

మోటారుసైకిలు సైరను కూసింది. బస్సులు తప్పుకున్నాయి, బండ్లు గోడకు అంటుకున్నాయి. భార్య కళ్లు తుడుచుకుంది. "చూశారా, లోకంలో మంచివాళ్లున్నారు. కేకు కోసం సైరను వేశాడు." హోటలుకు దారీ అదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. సైరను మోత విన్నప్పుడల్లా జాగ్రత్తగారు సూదిని చూస్తూ, దాన్ని కంటిచూపుతోనే కిందికి నెడుతూ నడిపాడు. మోటారుసైకిలు హోటలు కూడా దాటి, రెండు వీధుల అవతల ఒక గేటులోకి తిరిగింది. వెనకే కారూ తిరిగింది. గేటుమీద ఆసుపత్రి అని రాసి ఉంది.

అంతకుముందే ఫోను వెళ్లినట్టుంది, స్ట్రెచరు ఎదురొచ్చింది. ఇద్దరు మనుషులు అత్తగారిని రెక్కలు పట్టి దింపి, పడుకోబెట్టి, పెట్టె పక్కన పెట్టమన్నారు.

"ఇది వదిలితే నా కూతురు నన్ను వదిలేస్తుంది" అని ఆవిడ దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

పెట్టెతో సహా లోపలికి తోసుకుపోయారు. భార్య చెప్పులు చేతపట్టుకుని వెనకే పరిగెత్తింది.

బయట జాగ్రత్తగారూ, పోలీసూ, ఆవిర్లు కక్కే కారూ మిగిలారు. "ముందు దీన్ని చల్లార్చాలి" అంటూ పోలీసు, ఈయన వద్దు వద్దంటున్నా, చేతికి తొడుగు వేసుకుని బానెట్టు ఎత్తేశాడు. జాగ్రత్తగారు తన అట్టను దాచుకోవడానికి ఒక అడుగు ముందుకు వేసి, ఆగిపోయాడు. అక్కడ అట్ట కనిపించలేదు. తువ్వాళ్లు కనిపించాయి.

పోలీసు ఒక్కొక్కటే లాగాడు. ఒకటి నీలం చారలది, ఒకటి పసుపుది, ఒకటి కాలిన మరకది.

"ఇవేంటి?"

"మా ఆవిడవి" అన్నాడు జాగ్రత్తగారు, కళ్లు నమ్మలేక.

తర్వాత దుప్పటి వచ్చింది, కమురు వాసనతో.

"ఇది?"

"మా అత్తగారిది."

ఆఖరున అట్ట వచ్చింది, అప్పడంలా వంకరపోయి.

"ఇది?"

"ఇది నాదే అనుకోండి."

పోలీసు మూడింటినీ వరసగా నేలమీద పరిచి, చాలాసేపు చూశాడు. "ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

"లేరండి."

"బతికించారు. నాలుగోవాళ్లుంటే దీనికి మందులు కూడా వేసేవాళ్లు. దీనికి గాలాడితే కదయ్యా వేడి తగ్గేది." అప్పుడే ఆయనకొక సందేహం వచ్చింది. "మరి ఆవిడ చెమటలు?"

"హీటరువి."

"ఆ తెల్లగుడ్డ కింద?"

"కేకు."

పోలీసు టోపీ తీసి తల తుడుచుకున్నాడు. ఆయనకూ చెమట పట్టింది.

లోపల అత్తగారు మంచంమీద హాయిగా ఉంది. ఇంత మంది తన చెయ్యి పట్టుకుని ఎలా ఉందని అడగడం ఆవిడకు చాలా ఏళ్ల తర్వాత దొరికింది. డాక్టరు గుండె సంగతి అడిగితే మోకాలి నుంచి మొదలుపెట్టింది. నడుం మీదుగా వచ్చి భుజం దగ్గర మజిలీ చేసింది. ఒడిలో పెట్టె అలాగే ఉంది. తలుపు దగ్గర భార్య ఒక కాలిమీద నిలబడి మరో కాలిమీదకు మారుతోంది.

"నాడి కొంచెం వేగంగా ఉంది. సాయంత్రం దాకా ఇక్కడే ఉంచుతాం" అన్నాడు డాక్టరు.

"అమ్మను ఉంచుకోండి డాక్టరుగారూ, కేకు ఇచ్చేయండి" అంది భార్య.

గదిలో నర్సులందరూ తిరిగి చూశారు.

"అంటే నాకంటే నీకు కేకు ఎక్కువా?" అంది అత్తగారు, లేచి కూర్చుని.

"ఈ పూటకి ఎక్కువేనమ్మా. రేపణ్ణించి నువ్వే."

అత్తగారు కూతురి మొహం చూసింది. నెలరోజులుగా ఆ మొహంలో నిద్ర లేదు. ఆవిడ మంచం దిగి, చెప్పులు వెతుక్కుంది. "భుజం సంగతి మళ్లీ వచ్చి చెబుతాను బాబూ, మరచిపోకు" అని డాక్టరుకు చెప్పి, పెట్టె ఎత్తుకుని ముందు నడిచింది.

ఇంజిను చల్లారింది. పోలీసు మళ్లీ సైరను వేశాడు. ఎందుకంటే, కేకును ఆసుపత్రిలో చేర్చానని పై అధికారికి చెప్పడం కంటే హోటలుకు చేర్చానని చెప్పడమే ఆయనకు మర్యాదగా తోచింది. వెనక సీటుమీద తువ్వాళ్లూ దుప్పటీ అట్టా అత్తగారి పక్కన కూర్చుని వచ్చాయి. భార్య వెనక్కి తిరిగి గుడ్డ తీసింది. గులాబీలు తలలు వాల్చాయి. పై అంతస్తు కాస్త పక్కకు ఒరిగింది. ఆమె చిన్న చాకు తీసి, కుదుపు కుదుపుకూ ఆగుతూ, క్రీము సర్దింది. పైకి కుదురుగా కనిపిస్తోంది. కానీ వేలు తగిలిస్తే వేలు లోపలికి దిగిపోతోంది.

"అయిపోయింది. సోమవారం వెళ్లి ఆ ఏప్రను కట్టుకుంటాను" అంది, ఎవరితోనూ కాదన్నట్టు.

జాగ్రత్తగారు జీవితంలో మొదటిసారి ఎదుటి మనిషికి ఏం జరగబోతుందో చెప్పలేకపోయాడు. చెయ్యి తీసి ఆమె చేతిమీద వేశాడు, మళ్లీ వెంటనే స్టీరింగుమీద పెట్టాడు.

పన్నెండు కొట్టకముందే చేరారు. హోటలు వంటశాలలో పొడవైన బల్ల ఉంది. దానిమీద, ఇలాగే కబురందుకున్న వేరే బేకరీలవాళ్లు తెచ్చిన కేకులు వరసగా ఉన్నాయి. మధ్యలో అన్నిటికంటే పెద్దది పాత యజమానిది. ఆయన పక్కనే నిలబడి, ఈమెను చూసి నవ్వాడు. అదే నవ్వు. "వచ్చావా అమ్మా. ఒరిగినట్టుందే" అన్నాడు.

ఆమె పెట్టెలోంచి కేకు తీసి బల్లమీద పెట్టింది.

మేనేజరు మొహం మాత్రం కేకులు చూసే మొహంలా లేదు. చేతిలో కత్తి ఉంది, మిగతా కేకులను పొడిచి పొడిచి దాని కొస వంగి ఉంది. దాంతో ఆయన యజమాని తెచ్చిన కేకును మరోసారి పొడిచాడు. టక్‌మంది.

"చలికి అలాగే ఉంటాయండి" అన్నాడు యజమాని. "మా వ్యానులో దారంతా గడ్డకట్టింది. కాస్త ఆగితే మెత్తబడుతుంది."

"ఎంతసేపు?"

"సాయంత్రానికి."

"అతిథులు హాల్లో కూర్చున్నారు. వాళ్లను కూడా సాయంత్రం దాకా వ్యానులో పెట్టమంటారా?" అని మేనేజరు విసుగ్గా ఈమె కేకున్న బల్లచివరికొచ్చి, ఆశ వదిలేసిన మనిషిలా కత్తి ఆనించాడు. ఆనించాడంతే. కత్తి తనంతట తను మూడంతస్తులూ దిగి, అడుగున అట్టకు తగిలి ఆగింది. మేనేజరు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.

వంటశాలలో అందరి పనులూ ఆగిపోయాయి. యజమాని నవ్వు కూడా.

"ఈ చలిలో ఇంత మెత్తగా ఎలా తెచ్చారమ్మా?" అన్నాడు మేనేజరు.

భార్య నిజం చెప్పడానికి నోరు తెరిచింది. అత్తగారు వెనకనుంచి ఆమె కొంగు లాగింది. చేసింది నోటితో చెప్పుకోకూడదన్నది ఆవిడ పట్టుదల కదా.

"కారును కాస్త వెచ్చగా ఉంచుకుంటామండి" అన్నాడు జాగ్రత్తగారు, గొంతు సవరించుకుని.

"ఇదీ పని అంటే" అన్నాడు మేనేజరు, చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేలా. "అందరూ చేయడం గురించే ఆలోచిస్తారు. తేవడం గురించి ఆలోచించింది మీరొక్కరే. రేపటినుంచి రోజూ మీ కేకులే. కానీ అచ్చం ఇలాగే రావాలి. ఆ కారు మార్చవద్దు, నడిపే మనిషినీ మార్చవద్దు."

ఆ చలికాలం ఊళ్లో అందరికీ జలుబు చేస్తే, జాగ్రత్తగారికి మాత్రం వీపునిండా చెమటకాయలు లేచాయి.